మోక్షగుండం విశ్వేశ్వరయ్య: ట్యూషన్లు చెప్పి చదువుకున్న ఇంజనీరు

ప్రతి ఏడాదీ మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవిత చరిత్ర వేయడం ఆనవాయితీ. ఈసారి విశ్వేశ్వరయ్య గారిని ఎంచుకోవడానికి మాకొక కారణం ఉంది. కిందటేడు మన దగ్గర ఇంటర్ పూర్తి చేసి ఇంజనీరింగ్‌లో చేరిన తమ్ముళ్ళలో ఒకడు మొదటి సెమిస్టర్ పరీక్షలు కాకముందే పెట్టె సర్దుకుని ఊరికి వెళ్ళిపోయాడు. ఫీజు కట్టలేక కాదు. గణితం, డ్రాయింగ్ క్లాసుల్లో చెప్పేది అర్థం కాక, లేచి అడగడానికి నోరు రాక వెళ్ళిపోయాడు. మేమందరం ఆ మొదటి సంవత్సరం దెబ్బ తిన్నవాళ్ళమే. అందుకే ఇంజనీర్లకు తాతలాంటి మనిషి తన మొదటి మెట్టు ఎలా ఎక్కారో చూద్దామనిపించింది.

విశ్వేశ్వరయ్య గారు 1861 సెప్టెంబరు 15న మైసూరు రాజ్యంలో చిక్కబళ్ళాపురం దగ్గర ముద్దేనహళ్ళిలో పుట్టారు. ఇంటిపేరు మాత్రం మన గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండం ఊరిది. పూర్వీకులు అక్కడి నుంచి వలస వెళ్ళినవారు. తండ్రి శ్రీనివాస శాస్త్రి సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మ. చిన్నతనంలోనే తండ్రి పోయారు. చదువు కోసం బెంగుళూరులో మేనమామ ఆసరా తీసుకున్నారు.

సెంట్రల్ కాలేజీలో చేరాక పుస్తకాలకు, తిండికి డబ్బు చాలలేదు. ఒక కొడగు కుటుంబం పిల్లలకు పాఠాలు చెప్పి ఆ జీతంతో చదువుకున్నారు. పొద్దునా సాయంత్రం ట్యూషను, మధ్యలో కాలేజీ. ఇది చదివి అయ్యో పాపం అనుకోవచ్చు గానీ, మాకు ఇంకో సంగతి కూడా తోచింది. చిన్న తరగతి లెక్కను ఇంకొకరికి విడమరిచి చెప్పిన రోజే అది మనకు పూర్తిగా పట్టుబడుతుంది. మాలో ఒకరు రెండుసార్లు తప్పిన గణితం పేపరును, టెన్త్ పిల్లలకు ట్యూషన్ చెబుతూ చెబుతూ మూడోసారి గట్టెక్కారు. కాలేజీ ప్రిన్సిపాల్ చార్లెస్ వాటర్స్ ఈ కుర్రవాడి గణితం చూసి ముచ్చటపడి ప్రోత్సహించారు. 1881లో బి.ఏ. పాసయ్యారు.

ఆపైన ఇంజనీరింగ్ చదవాలంటే పూణే వెళ్ళాలి. మైసూరు ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇస్తే అక్కడి సైన్స్ కాలేజీలో చేరారు. అది లేకపోతే ఈ కథ బెంగుళూరులోనే ఆగిపోయేది. ఊరు కొత్త, చుట్టూ మరాఠీ, చదువు ఇంగ్లీషులో. 1883లో ఎల్.సి.ఇ., ఎఫ్.సి.ఇ. పరీక్షల్లో మొదటి స్థానంలో నిలిచారు. మరుసటి ఏడాది బొంబాయి ప్రభుత్వ పి.డబ్ల్యు.డి.లో అసిస్టెంట్ ఇంజనీరు ఉద్యోగం వచ్చింది.

ఉద్యోగంలోనూ మొదట్లో తడబాటు తప్పలేదు. ధూలే దగ్గర పాంజ్రా నదికి అడ్డంగా పైపు సైఫన్ వేసే పని అప్పగించారు. వర్షాలు ముంచుకొచ్చి, పని కొన్నాళ్ళు వాయిదా వేద్దామని రాస్తే పై అధికారికి నచ్చలేదు. ఆ తర్వాత పట్టుబట్టి పూర్తి చేశారు. సుక్కూరుకు మంచినీళ్ళ పథకం, పూణే దగ్గర ఖడక్‌వాస్లాలో 1903లో పెట్టిన ఆటోమేటిక్ గేట్లు ఆ తర్వాతివి.

మన హైదరాబాదుకు ఆయన వచ్చింది 1909లో. అంతకు ముందు 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. వేలమంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టెక్కి నూట యాభై మంది దాకా బతికారని ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజాం ప్రభుత్వం పిలిపిస్తే ఈయన వచ్చి ముందు లెక్కలు తీశారు. ఎంత వాన పడింది, ఎగువన ఎన్ని చెరువులున్నాయి, ఎన్ని తెగాయి అని. తెగిన చెరువులే రెండు వందలకు పైగా తేలాయి. నగరంలో గట్లు కడితే చాలదు, వరదను పైనే పట్టి ఆపాలి అన్నది ఆయన తీర్మానం. మూసీ మీద, దాని ఉపనది ఈసీ మీద జలాశయాలు కట్టాలన్నారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. కట్టింది తర్వాతి ఇంజనీర్లు.

తర్వాత మైసూరుకు చీఫ్ ఇంజనీరయ్యారు. 1911లో కృష్ణరాజ సాగర్ పని మొదలైంది. 1912 నుంచి 1918 వరకు దివాన్. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగుళూరులో ఇంజనీరింగ్ కాలేజీ వచ్చాయి. తను పూణే వెళ్ళాల్సి వచ్చిన చదువు ఇక సొంత రాజ్యంలోనే దొరికింది.

ఇక్కడ ఒక సంగతి దాచడం మాకిష్టం లేదు. 1918లో మైసూరు మహారాజు, వెనుకబడిన కులాలకు ఉద్యోగాల్లో వాటా ఇచ్చే విషయం చూడమని మిల్లర్ కమిటీని వేశారు. విశ్వేశ్వరయ్య గారు ఆ పద్ధతిని ఒప్పుకోలేదు. ప్రతిభ దెబ్బతింటుందన్నది ఆయన వాదం. ఆ విభేదంతోనే దివాన్ పదవి వదులుకున్నారు. ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో పూణే చేరిన మనిషి ఇలా ఎందుకు ఆలోచించారా అని మేము రూములో ఒక రాత్రంతా వాదించుకున్నాం. ఆయన ఇంట్లో డబ్బు లేకపోయినా అక్షరం ఉంది, పట్నంలో మేనమామ ఇల్లు ఉంది. మనలో చాలామందికి ఆ రెండూ లేవు, ఉన్నది ఈ హాస్టలే. ఈ విషయంలో ఆయన పొరపాటు పడ్డారనే మా అభిప్రాయం. మిల్లర్ కమిటీ సిఫారసుల మీద 1921లో ఉత్తర్వులు వచ్చాయి. అయినా ఆయన చదివిన తీరు మనకు పనికిరాకుండా పోదు.

1955లో భారతరత్న ఇచ్చారు. నూరేళ్ళు దాటి, 1962 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన పుట్టినరోజునే ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

వెళ్ళిపోయిన తమ్ముడి ఊరికి దసరా సెలవుల్లో మేము ముగ్గురం వెళ్ళాం. వాళ్ళమ్మ అన్నం పెట్టింది, వాడు మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. ఇప్పుడు మళ్ళీ కాలేజీకి పోతున్నాడు, రెండు సబ్జెక్టులు మిగిలున్నాయి. ఆదివారం టిఫిన్ అయ్యాక స్టడీ హాల్లో డ్రాయింగ్, గణితం చెప్పుకుంటున్నాం. ఈ ఏడు కొత్తగా చేరిన తమ్ముళ్ళు డ్రాఫ్టర్లు కొనొద్దు. మా పాతవి మూడు వార్డెన్ గారి గదిలో పెట్టాం.