యల్లాప్రగడ సుబ్బారావు

గోదావరి సీమలోని భీమవరమున 1895 జనవరి 12వ తేదీన జగన్నాథము, వేంకమ్మ దంపతులకు సుబ్బారావు జన్మించెను. తండ్రి వ్యాధిగ్రస్తుడై ఉద్యోగము ముందుగనే విడువగా ఇంట పేదరికము ప్రవేశించెను. పదుమూడేండ్ల వయసున సుబ్బారావు బంధువగు మరియొక బాలునితో ఇల్లు విడిచి పారిపోయెను. కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని వారి ఆలోచన! తల్లి అతనిని వెనుకకు రప్పించి మరల బడికి పంపెను.

అయినను చదువు సాగలేదు. మెట్రిక్యులేషన్ పరీక్షలో అతడు రెండు పర్యాయములు తప్పెను. అట్లు తప్పినవానిని లోకము చులకనగా చూచుట నేటికిని కలదు. పిదప మదరాసు హిందూ ఉన్నత పాఠశాలలో చదివి మూడవసారి గట్టెక్కెను. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించి, రామకృష్ణ మఠమున చేరి సన్న్యసింపగోరెను. రోగులకు సేవ చేయుటకు వైద్యము నేర్వుమని మఠమువారు చెప్పగా, మదరాసు వైద్య కళాశాలలో ప్రవేశించెను.

అది గాంధీ మహాత్ముని స్వదేశీ పిలుపు మ్రోగుచున్న కాలము. సుబ్బారావు శస్త్రచికిత్స వేళ ధరించు అంగీని కూడ ఖద్దరుతోనే కుట్టించుకొనెను. శస్త్రచికిత్స బోధించు ఆంగ్లేయ ఆచార్యునకు అది కంటగింపయ్యెను. వ్రాత పరీక్షలలో బాగుగా వ్రాసినను, అతనికి ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కలేదు. తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే ఇచ్చిరి. ప్రభుత్వ వైద్యోద్యోగమును లభింపలేదు.

అతని సోదరులిద్దరు సంగ్రహణి వ్యాధిచే మరణించిరి. అదే వ్యాధి అతనిని కూడ పట్టగా, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే బ్రదికెను. లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము శరీరనిర్మాణ శాస్త్రమును బోధించెను. కాని తన సోదరులను బలిగొన్న రోగమునకు కారణమేమి? ఈ ప్రశ్న అతనిని నిలువనీయలేదు. మామగారును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధివారును ధనసహాయము చేయగా, భార్యను పుట్టింట విడిచి ఓడ యెక్కి, 1922 అక్టోబరు 26వ తేదీన అమెరికాలోని బోస్టన్ నగరము చేరెను.

అచ్చటి హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వ్యాధుల శాఖలో అతనికి ప్రవేశము లభించెను గాని విద్యార్థివేతనము లభింపలేదు. పగలు చదివి, రాత్రులు ఒక వైద్యశాలలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగి పొట్టపోసికొనెను. పట్టభద్రుడైన వైద్యుడు ఆ పనికి సిగ్గుపడలేదు.

పిమ్మట ఫిస్కే అను ఆచార్యునితో కలిసి జీవరసాయన పరిశోధన చేసెను. రక్తములోని భాస్వరమును కొలుచు విధానమును వారు 1925లో ప్రకటించిరి. కండరములు పనిచేయుటకు తోడ్పడు ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, జీవకణములకు శక్తినిచ్చు ఏ.టి.పి.ని 1929లోను కనుగొనిరి. ఏ.టి.పి.ని ఆ కాలముననే జర్మనీలో లోమన్ కూడ వేరుగా కనుగొనెను. మెట్రిక్యులేషన్‌లో తప్పిన సుబ్బారావునకు 1930లో హార్వర్డు పిహెచ్.డి. పట్టమొసగెను. అయినను అచ్చట స్థిరమగు ఆచార్య పదవి లభింపలేదు. 1940లో అతడు లెడర్లీ ఔషధ పరిశోధనాలయమున చేరెను.

అచ్చట అతని నాయకత్వమున పనిచేసిన శాస్త్రజ్ఞులు 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. సంగ్రహణి రోగులకు అదియే మందయ్యెను! సోదరుల మరణమునకు రెండు దశాబ్దముల తరువాత జవాబు దొరకెను. బిడ్డల రక్తపు కేన్సరుపై ప్రయోగించిన అమినోప్టెరిన్ కూడ ఆ పరిశోధనాలయమునుండి వెలువడినదే. మన పల్లెలలో బోదకాలు నివారణకై పంచిన మాత్రలలోని మందును సైతము అచ్చటివారే రూపొందించిరి.

1948 ఆగస్టులో, ఏబదిమూడేండ్ల వయసున, సుబ్బారావు నిద్రలోనే కన్నుమూసెను. ఓడ యెక్కిన నాటినుండి అతడు మరల స్వదేశమును గాని, భార్య శేషగిరిని గాని చూడలేదు.