జీతం తగ్గించుకుని జామియాను నిలబెట్టిన జాకిర్ హుస్సేన్

డాక్టర్ జాకిర్ హుస్సేన్ పేరెత్తితే దేశ తొలి ముస్లిం రాష్ట్రపతి అంటారు. నిజానికి రాష్ట్రపతి భవన్‌లో ఆయన ఉన్నది రెండేళ్లు కూడా నిండలేదు. అంతకుముందు 22 ఏళ్లు ఒక విద్యాసంస్థ మూతపడకుండా చూడటానికే సరిపోయాయి.

1897 ఫిబ్రవరి 8న హైదరాబాద్‌లో పుట్టారు. పూర్వీకులది యూపీలోని ఖాయంగంజ్. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ వకాలత్ కోసం నిజాం రాజధానికి వచ్చి స్థిరపడ్డారు. జాకిర్‌కు పదేళ్లప్పుడు తండ్రి, 1911లో ప్లేగుతో తల్లి పోయారు. ఇటావాలో హైస్కూలు చదువు, ఆ తర్వాత అలీగఢ్.

1920లో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చి, సర్కారు సాయంతో నడిచే కాలేజీని వదిలేయమని పిలుపునిచ్చారు. బయటికొచ్చినవాళ్లలో జాకిర్ ఒకరు. అలా అక్టోబర్ 29న పుట్టిందే జామియా మిల్లియా ఇస్లామియా. రెండేళ్లకు ఆయన ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ కోసం బెర్లిన్ వెళ్లారు.

ఇక్కడ మాత్రం పరిస్థితి తలకిందులైంది. ఖిలాఫత్ ఉద్యమం చల్లారింది, దాంతోపాటే చందాలూ ఆగిపోయాయి. జామియాను మూసేద్దామన్న మాట పెద్దల్లోనే వచ్చింది. హకీం అజ్మల్ ఖాన్ ఒప్పుకోక, 1925లో సంస్థను ఢిల్లీ కరోల్‌బాగ్‌కు మార్చారు. బెర్లిన్‌లో ఉన్న జాకిర్, ఆబిద్ హుస్సేన్, ముజీబ్ ముగ్గురూ చదువు కాగానే వచ్చి పనిచేస్తామని మాటిచ్చారు, 1926లో వచ్చేశారు కూడా. 29 ఏళ్లకే జాకిర్ సాబ్ షేఖుల్ జామియా, అంటే వైస్ చాన్స్‌లర్ అయ్యారు.

పదవి పెద్దదే, ఖజానా ఖాళీ. సొంత డబ్బుతో ఆదుకుంటున్న అజ్మల్ ఖాన్ 1927 చివర్లో కన్నుమూశారు. అప్పుడు జాకిర్ సాబ్, తోటి ఉపాధ్యాయులు కలిసి ఒక ప్రతిజ్ఞ చేశారు: 20 ఏళ్లు ఇక్కడే పనిచేయాలి, నెల జీతం 150 రూపాయలు దాటకూడదు. చేతికి అంతకంటే తక్కువే వచ్చేది, అదీ ఆలస్యంగా. జర్మనీ డాక్టరేట్ ఉన్న మనిషికి బయట ఇంకెంత జీతం వచ్చేదో ఊహించుకోవచ్చు. పైగా జామియా డిగ్రీకి బ్రిటిష్ సర్కారు గుర్తింపు లేదు. పిల్లల్ని ఇక్కడ చేర్చమని తల్లిదండ్రుల్ని ఒప్పించడమే పెద్ద పని. సామాన్యుల దగ్గర చిన్న చిన్న చందాలు పోగుచేసి నడిపారు. అంత ఇబ్బందిలోనూ పిల్లలకు కథలు రాసేవారు, ‘అబ్బూ ఖాన్ కీ బక్రీ’ అలా వచ్చిందే. 1935లో ఓఖ్లాలో కొత్త భవనానికి శంకుస్థాపన చేయించింది ఏ నవాబుతోనో కాదు, జామియాలో అందరికంటే చిన్న పిల్లాడితో.

1937లో వార్ధా విద్యా ప్రణాళిక కమిటీకి అధ్యక్షులుగా ఉన్నారు. 1946 నవంబర్‌లో జామియా రజతోత్సవం. దేశమంతా మతకల్లోలాలు రగులుతున్న ఆ రోజుల్లో జిన్నా, నెహ్రూ, ఆజాద్‌లను ఒకే వేదిక మీద కూర్చోబెట్టి, ఈ మంటలు ఆర్పండని ముఖం మీదే వేడుకున్నారు. మంటలు ఆరలేదు. మరుసటి ఏడాది జలంధర్ రైల్వే స్టేషన్‌లో ఆయన ప్రాణమే పోవాల్సింది, ఒక సిక్కు కెప్టెన్, ఒక హిందూ రైల్వే అధికారి కాపాడారు. కరోల్‌బాగ్‌లో జామియా పుస్తకాల దుకాణాన్ని తగలబెట్టారు.

1948 నుంచి 1956 దాకా అలీగఢ్ వర్సిటీ వీసీ. విభజన తర్వాత ఆ క్యాంపస్‌ను అంతా అనుమానంగా చూస్తున్న కాలం, అదేమీ సుఖమైన కుర్చీ కాదు. తర్వాత బిహార్ గవర్నర్, 1962లో ఉపరాష్ట్రపతి. జామియాకు డీమ్డ్ యూనివర్సిటీ హోదా దక్కిందీ అదే ఏడాది. 1967 రాష్ట్రపతి ఎన్నికలో ఆయన ఓడించింది మన రాజమండ్రికి చెందిన మాజీ ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావును.

1969 మే 3న పదవిలో ఉండగానే కన్నుమూశారు. జామియా ఆవరణలోనే ఖననం చేశారు.