బందరు డాక్టరు గారు - బీమా - మన ఆదాయ పరిమితి

ఆరోగ్య బీమా గురించిన ఈ ప్రత్యేక సంచికలో జీ.వో.ల వివరాలు మిత్రులు ఎలాగూ రాస్తారు. నేను మాత్రం మన కృష్ణా డెల్టాలో డాక్టరీ మాని బీమా కంపెనీ పెట్టిన భోగరాజు పట్టాభి సీతారామయ్య గారిని గురించి నాలుగు మాటలు రాస్తాను.

ఆయన 1880 నవంబరు 24న ఏలూరు దగ్గర గుండుగొలనులో పుట్టారు. లేమిలోనే పెరిగి, మద్రాసులో ఎం.బి.సి.ఎం. చదివి, బందరులో ప్రాక్టీసు పెట్టారు. పదేళ్లు తిరిగేసరికి అది మాని జాతీయోద్యమంలో దిగారు. 1939లో బోసు గారి చేతిలో ఓటమి, 1942లో అహమ్మద్‌నగర్ కోట జైలు, 1948లో కాంగ్రెసు అధ్యక్షత - ఇవన్నీ మనం బడిలో చదువుకున్నవే.

నా మటుకు నాకు 1923, 1925 సంవత్సరాలు ఇంకా ముఖ్యం. 1923లో లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో బందరులో ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ. పంట ఇంటికొస్తేనే డబ్బు కళ్లబడే డెల్టాలో గడువుకు ప్రీమియం కట్టించడం సామాన్యమా! రోగుల ఇళ్లు చూసిన డాక్టరు గనుకనే, సంపాదించేవాడు పోతే ఇల్లేమవుతుందో ఆయనకు తెలుసునని నా ఊహ.

అయితే అది ప్రీమియం కట్టగలిగినవారి బీమా. కట్టలేనివారి మాట రాజ్యాంగ సభలో వచ్చింది. పట్టాభి గారు అందులో సభ్యులు. వృద్ధాప్యంలో, జబ్బులో ప్రభుత్వ సాయం 41వ అధికరణంలో చేరింది. రాజ్యం స్తోమత మేరకు అనే షరతు కూడా చేరింది.

ఆ సాయం ఎవరికన్న ప్రశ్నకు 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ, తెల్లకార్డు ఉన్న కుటుంబానికి అంది. కార్డుకు అప్పటి ఆదాయ పరిమితి ఏటా పల్లెల్లో 60 వేలు, పట్నాల్లో 75 వేలు. లెక్క మనిషిది కాదు, ఇంటిది. మా అబ్బాయిది విజయవాడలో చిన్న ప్రైవేటు ఉద్యోగం. నా పెన్షను కలిపి లెక్కేసి కార్డు లేదన్నారు. 2013లో మన హెల్తు కార్డులు వచ్చాయి. నాకూ మా ఆవిడకూ సరే, సంపాదించే కొడుకు, వాడి భార్యాబిడ్డలు అందులో చేరరు. ఒకే పొయ్యి మీద వండుకునే మమ్మల్ని ఒక లెక్క కలిపింది, ఇంకో లెక్క విడదీసింది. మధ్యలో కోడలికి ఆపరేషను వచ్చింది. 2020లో మన రాష్ట్రంలో పరిమితి 5 లక్షలకు పెంచేనాటికి ఆ అప్పు ఇంకా తీరలేదు.

పట్టాభి గారి బీమా కంపెనీ 1956 సెప్టెంబరు 1న ఎల్.ఐ.సి.లో కలిసింది. అప్పుడాయన మధ్యప్రదేశ్ గవర్నరు. 1959 డిసెంబరు 17న కన్నుమూశారు. బ్యాంకు మాత్రం 2020 ఏప్రిల్ 1 దాకా ఆయన పెట్టిన పేరుతోనే నడిచి, యూనియన్ బ్యాంకులో కలిసింది. నా పెన్షను నేటికీ ఆ బ్రాంచీలోనే పడుతోంది, బోర్డు ఒక్కటే మారింది.