పట్టా పుచ్చుకున్న నిరుద్యోగి: దామోదరం సంజీవయ్య

1942 ఏప్రిల్‌లో మన అనంతపురం దత్తమండల కళాశాలలో ఒక కుర్రాడు బి.ఏ. పూర్తి చేశాడు. చదివింది లెక్కలు. ఆ రోజుల్లో లెక్కలు చదివినా చేతికొచ్చే పట్టా బి.ఏ.నే. అంతకు నాలుగేండ్ల ముందు ఎస్.ఎస్.ఎల్.సి.లో కర్నూలు జిల్లాకే మొదటివాడుగా నిలిచిన కుర్రాడు. అంత తెలివిగల వాడికి పట్టా పుచ్చుకున్నాక స్థిరమైన ఉద్యోగం దొరికిందా అంటే, దొరకలేదు. ఇరవై రెండేండ్ల తర్వాత, 1964 జూన్‌లో, ఆ కుర్రాడే భారతదేశానికంతటికీ కార్మిక, ఉపాధి శాఖ మంత్రి అయ్యాడు. ఆయనే దామోదరం సంజీవయ్య గారు.

మన తరం వాళ్ళకు ఆయన పేరు హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ పక్కనున్న పార్కు పేరుగానో, విశాఖపట్నం లా యూనివర్సిటీ పేరుగానో తెలుసు. దేశంలో తొలి దళిత ముఖ్యమంత్రి ఎవరు అని పోటీ పరీక్షల గైడులో ఒక్క మార్కు ప్రశ్నగా కూడా తెలుసు. నేనూ అట్లా బట్టీ పట్టినవాణ్ణే. ఆయన మన ఊళ్ళో నాలుగేండ్లు ఉండి, చేతులు కాల్చుకుని వండుకు తిని చదివిన మనిషి అని తెలిసింది మాత్రం పోయినేడు.

1921 ఫిబ్రవరి 14న కర్నూలు పక్కనున్న పెద్దపాడులో మాల కుటుంబంలో సంజీవయ్య గారు పుట్టారు. తల్లి సుంకులమ్మ, తండ్రి మునెయ్య. పిల్లలందరిలోకీ చిన్నవాడు. పుట్టిన మూడు రోజులకే తండ్రి పోయాడు. కుటుంబానికి సెంటు భూమి లేదు. మగ్గం నేస్తేనో, కూలికి పోతేనో పొయ్యి వెలిగేది. కొన్నాళ్ళు మేనమామ ఊరు పాలకుర్తిలో తలదాచుకుని మళ్ళీ పెద్దపాడు చేరారు. చిన్నతనంలో ఆయన పశువులు కూడా కాశారు. అన్న చిన్నయ్య కూలీనాలీ చేసి తమ్ముణ్ణి బడికి పంపాడు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నాకు మనసొప్పదు. ఆ కాలంలో సెంటు భూమి లేని ఇండ్ల పిల్లలు కాసిన పశువులు ఎవరివి? మా తాతల్లాంటి రైతులవే. మాది ఐదెకరాల ఎర్రనేల, వాన పడితే శెనక్కాయ, పడకపోతే బీడు. మేమూ లేనోళ్ళమే అనుకుంటూ పెరిగాను. కానీ మా జేజి కాలం దాకా మా ఇంటి పంచలో కూలికొచ్చే వాళ్ళకు వేరే లోటా ఉండేదని మా నాయనే చెప్పినాడు. కరువు అందరికీ వచ్చింది నిజమే. ఆ లోటా పట్టుకున్న వాళ్ళకు కరువు లేని ఏడాది కూడా కరువే.

సంజీవయ్య గారు కర్నూలులో మిషన్ బడిలోనూ, తర్వాత మునిసిపల్ హైస్కూల్లోనూ చదివి, 1938లో అనంతపురం వచ్చారు. దత్తమండల కళాశాల 1916లో మొదలైంది. 1800లో నిజాము నవాబు ఇంగ్లీషు వాళ్ళకు దత్తం చేసిన జిల్లాలు కాబట్టి ఆ పేరు. 1928లో మన ప్రాంతానికి రాయలసీమ అని పేరు పెట్టిన చిలుకూరి నారాయణరావు గారు ఆ కళాశాలలోనే తెలుగు చెప్పేవారు. సీమలో పెద్ద చదువుకు అప్పుడున్న ఆసరాల్లో అదొకటి. ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. మద్రాసు రాష్ట్రంలో హరిజనుల ఆలయ ప్రవేశానికి చట్టం వచ్చింది 1939లో. అంటే సంజీవయ్య గారు కళాశాలలో చేరేనాటికి ఆయనకు లెక్కల క్లాసులోకి పోయే హక్కుంది గానీ, చాలా గుళ్ళలోకి పోయే హక్కు లేదు.

ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఉండేది. చాలేది కాదు. మొదటి సంవత్సరం ఒక సహాధ్యాయి ఆయన ఖర్చులకు డబ్బిచ్చి ఆదుకున్నాడు, రెండు జతల బట్టలు కూడా కుట్టించి ఇచ్చాడు. తర్వాతి ఏండ్లలో మరి కొంతమంది విద్యార్థులతో కలిసి ఒక గది అద్దెకు తీసుకుని, ఖర్చు తగ్గించుకోవడానికి స్వయంగా వంట చేసుకున్నారు.

ఆయన జీవితచరిత్రలో జనం పెద్ద పదవుల గురించి ఎక్కువ రాస్తారు. నాకు మాత్రం ఆ రెండు జతల బట్టల దగ్గరే బుద్ధి నిలిచిపోయింది. జిల్లా మొదటి ర్యాంకు, స్కాలర్‌షిప్, అన్న కష్టం అన్నీ ఉన్నాయి. అయినా ఆ మొదటి సంవత్సరం ఒక తోటి విద్యార్థి చెయ్యందించకుంటే పెద్దపాడుకు తిరుగు బండి ఎక్కి ఉండేవారేమో. అట్లా తిరిగిపోయిన పిల్లలు ఎంతమందో. వాళ్ళ చరిత్ర ఎవరూ రాయరు.

సరే, పట్టా వచ్చింది. 1942 అంటే రెండో ప్రపంచ యుద్ధం నడుమ. బర్మా జపాను వాళ్ళ చేతికి పోయి అక్కడి బియ్యం రావడం ఆగిపోయింది. ధరలు పెరిగాయి, తర్వాత రేషను వచ్చింది. సంజీవయ్య గారికి మొదట దొరికిన పనుల్లో ఒకటి కర్నూలు రేషన్ ఆఫీసులో గుమాస్తాగిరీ. ఆ పని ఎన్నాళ్ళో నిలవలేదు. తర్వాత కేంద్ర ప్రజాపనుల శాఖలో ఒక ఉద్యోగం. అదీ తాత్కాలికమే. యుద్ధం తెచ్చిన కొలువులు యుద్ధంతోనే పోయాయి. ఈ రోజు కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ అనే మాటలు కొత్తగా వచ్చాయి గానీ, ఆ బతుకు మాత్రం పాతదే. మా అన్న బి.కాం. చదివి బెంగుళూరులో మూడు కంపెనీలు మారినాడు, మూడింట్లోనూ సెక్యూరిటీ గార్డు డ్యూటీనే.

ఒక జడ్జిగారి ప్రోత్సాహంతో సంజీవయ్య గారు మద్రాసు లా కాలేజీలో చేరారు. చదువుకుంటూనే ఒక బడిలో లెక్కలు చెప్పి ఖర్చులు గడుపుకున్నారు. అనంతపురంలో నేర్చిన లెక్కలకు నిలకడగా కూలి దొరికింది అక్కడే అనుకుంటాను. 1948లో లా పూర్తయింది. ఆ తర్వాత దారి ఎంత వేగంగా నడిచిందంటే, 1950లో తాత్కాలిక పార్లమెంటు సభ్యత్వం, 1952లో మద్రాసు శాసనసభ, వెంటనే రాజాజీ మంత్రివర్గంలో మంత్రి పదవి. 1954లో ఉపాధ్యాయిని కృష్ణవేణి గారితో పెండ్లి. ఆంధ్ర రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక అక్కడా మంత్రి పదవులు.

1960 జనవరి 11న నీలం సంజీవరెడ్డి గారు కాంగ్రెసు అధ్యక్షులుగా ఢిల్లీ వెళ్ళగా, 38 ఏండ్ల సంజీవయ్య గారు ముఖ్యమంత్రి అయ్యారు. 1962 మార్చిలో సంజీవరెడ్డి గారు తిరిగొచ్చి ముఖ్యమంత్రి కాగా, అదే ఏడు సంజీవయ్య గారు కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. ఇద్దరూ మన అనంతపురం కళాశాలలో చదివిన వాళ్ళే. ఒకరు ఇల్లూరు భూస్వాముల ఇంటి బిడ్డ, చదువు మధ్యలో వదిలి స్వాతంత్ర్య పోరాటంలోకి పోయారు. ఇంకొకరు భూమి లేని ఇంటి బిడ్డ. చదువు వదిలే వెసులుబాటు ఆయనకు లేదు. దీన్ని ఒకరిని మెచ్చి మరొకరిని తగ్గించడానికి చెప్పడం లేదు. ఒకే కళాశాల మెట్లెక్కినా ఇద్దరూ బయల్దేరిన చోటు ఒకటి కాదు, అంతే.

ముఖ్యమంత్రిగా ఆయనకు దొరికింది ఇరవై ఆరు నెలలు. అవినీతి నిరోధక శాఖ 1961 జనవరిలో ఆయన హయాంలోనే ఏర్పడింది. వృద్ధాప్య పింఛనూ ఆయన కాలానిదే. తల్లికి డబ్బివ్వబోతే, ఊళ్ళో తనలాంటి ముసలివాళ్ళ గతేమిటని ఆమె అడిగిందనీ, అందులోంచే పింఛను ఆలోచన పుట్టిందనీ చెప్పుకుంటారు. బంజరు భూములు ఆరు లక్షల ఎకరాలు భూమిలేని వాళ్ళకు పంచారని కూడా చెబుతారు. చదువుకున్న యువకులకు ఉద్యోగాల విషయంలో మాత్రం ఆ ఇరవై ఆరు నెలల్లో సీమ ముఖం మారిపోలేదు. అది ఒక్క మనిషి వల్ల అయ్యే పని కూడా కాదు.

1964 జూన్‌లో శాస్త్రి గారి మంత్రివర్గంలో కార్మిక, ఉపాధి శాఖ ఆయన చేతికొచ్చింది. 1965లో బోనస్ చట్టం వచ్చింది. లాభమొచ్చినా నష్టమొచ్చినా కార్మికుడికి జీతంలో కనీసం 4 శాతం బోనస్ ఇవ్వాలని అప్పటి నిబంధన. ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజీల విధానం కూడా ఆ శాఖ చూసేదే. అవి పుట్టింది 1945లో, యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికులకు పని చూపడానికి. తర్వాత అందరికీ తెరిచారు. 1959 చట్టం ప్రకారం ఖాళీలుంటే యజమాని ఎక్స్ఛేంజికి తెలపాల్సి ఉండేది. తెలిపితే చాలు, అక్కడి వాళ్ళనే తీసుకోవాలన్న నిర్బంధం ఉండేది కాదు. మా నాయన ట్రంకుపెట్టెలో అట్లాంటి కార్డు ఒకటి ఇప్పటికీ ఉంది. రెన్యూవల్ చేయించడం ఎప్పుడో మానేసి ఆయన సేద్యంలో పడినాడు.

2013లో యూరపులో ఒక ఏర్పాటు చేశారు. గ్రీసు, స్పెయిన్ దేశాల్లో అప్పుడు పనికి సిద్ధంగా ఉన్న యువకుల్లో సగానికి మించి నిరుద్యోగులు. చదువు ముగిసినా, ఉద్యోగం పోయినా, నాలుగు నెలల్లోగా పనో, శిక్షణో, పై చదువో చూపిస్తామని యూరోపియన్ యూనియన్ దేశాలు పూచీపడ్డాయి. మొదట ఇరవై ఐదేండ్ల లోపు వాళ్ళకు, 2020 నుంచి ముప్పై లోపు వాళ్ళకు. అన్ని చోట్లా సక్రమంగా నడవలేదు. అయినా గడువు పెట్టారు. సంజీవయ్య గారు పట్టా పుచ్చుకున్న నాటి నుంచి లా చదువు ముగిసేదాకా ఆరేండ్లు పట్టింది. ఆ ఆరేండ్లలో నిలకడైన కొలువు ఒక్కటి లేదు. ఆయన్ను ఎవరూ గడువు పెట్టి పిలవలేదు.

1970లో మళ్ళీ అదే శాఖ చేపట్టారు. భారతదేశంలో కార్మిక సమస్యల మీద ఇంగ్లీషులో పుస్తకం రాశారు. 1971లో రెండోసారి కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. 1972 మేలో, 51 ఏండ్లకే, ఢిల్లీలో గుండెపోటుతో కన్నుమూశారు. హంద్రి నది మీద గాజులదిన్నె ప్రాజెక్టుకు ఆయన పేరు పెట్టారు. పెద్దపాడుకు అది మరీ దూరమేం కాదు.

మా గదిలో ఇప్పుడు నలుగురం ఉన్నాం. ఒకడు బి.ఏ., ముగ్గురం బి.ఎస్సీ. అందులో ఒకడి నాయన పోయిన వానాకాలం దాకా మా సేనికి కూలికొచ్చిన మనిషే. బియ్యం ఇంటి నుంచి తెచ్చుకుంటాం, వంట వంతులు వేసుకున్నాం. ఈ వారం వంతు నాది.