నిత్యకృషి — ఆంథొనీ ట్రాలప్ జీవితము

గ్రంథరచన ప్రతిభవలన కలుగునదే గాని, వేళ నిర్ణయించుకొని కూర్చుండినంత మాత్రమున కలుగునది కాదని పలువురు తలంతురు. ఈ తలంపునకు ఆంగ్ల నవలాకారుడగు ఆంథొనీ ట్రాలప్ జీవితము చక్కని సమాధానము. కావున ఆయన చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగా తెలుపుచున్నాము.

ట్రాలప్ 1815వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీని లండను నగరమున జన్మించెను. తండ్రి న్యాయవాది, విద్వాంసుడే గాని ముక్కోపి యగుటచే ఆయనయొద్దకు వ్యాజ్యములు తెచ్చువారు తగ్గిపోయిరి. పిమ్మట వ్యవసాయమునకు దిగి ఉన్నదియు పోగొట్టుకొనెను. వించెస్టరు పాఠశాలలో ఆంథొనీ జీతము బాకీపడగా, అతనికి అరువీయవలదని అంగడివారికి ఉత్తరువు పోయెను. ఆ సంగతి తోడి బాలురందరికి తెలిసెను. తరువాత హారో పాఠశాలకు బురదదారుల వెంట నిత్యము నడచి పోయి వచ్చుచుండెను. ధనికుల బిడ్డల నడుమ మాసిన దుస్తులతో కూర్చుండిన యా బాలునితో చెలిమి చేయువారు లేకపోయిరి. ఇంచుమించు పండ్రెండేండ్లు చదివియు ఒక్క బహుమానమైనను పొందక అతడు బడి విడిచెను.

అయినను ఆ ఒంటరి బాలునికి ఒక అలవాటు కలదు. ఆడుకొనుటకు తోడు లేమిచే, మనస్సులో ఒక కథ కల్పించుకొని, దానినే వారములకొలది, మాసములకొలది పెంచుచుండెను. ఇది వ్యర్థమైన పగటికలయని అప్పుడెవరైనను తలచియుందురు.

అతనికి రెండవ పాఠము నేర్పినది తల్లి. ఫ్రాన్సెస్ ట్రాలప్ ఏబదియేండ్లు దాటిన పిదప కలము పట్టి, 1832లో అమెరికాను గూర్చిన గ్రంథమును ప్రకటించి, కుటుంబభారము వహించెను. 1834లో అప్పులవారి బాధకు తాళలేక ఆ కుటుంబము బెల్జియము దేశమందలి బ్రూజెస్ పట్టణమునకు పోయెను. మరి రెండేండ్లలోపల ఆమె ఒక కుమారుని, భర్తను, ఒక కుమార్తెను కోల్పోయెను. ఆ రోగుల ప్రక్కన మందుసీసాయు సిరాబుడ్డియు ఒక్కచోటనే యుండెడివి. తెల్లవారక మున్నే లేచి ఆమె వ్రాసిన నవలలే ఇంటివారికి అన్నము పెట్టెను.

ఆ 1834లోనే ఆంథొనీ సాలుకు 90 పౌన్ల జీతముపై లండను తపాలా కార్యాలయమున గుమాస్తాగా చేరెను. ఆలస్యముగా వచ్చుటయు అప్పులు చేయుటయు చూచి పైయధికారులు విసిగిరి. 1841లో ఐర్లండుకు మారిన పిదప అతడు క్రొత్త మనుష్యుడయ్యెను. శ్రద్ధగల ఉద్యోగియని పేరు తెచ్చుకొనెను. 1847లో వెలువడిన మొదటి నవలను కొనినవారే అరుదు. అయినను కలము విడువలేదు. 1855లో ప్రకటింపబడిన ది వార్డెన్ మొదలుకొని ఆయన కీర్తి పెరుగసాగెను.

ఇక ఆయన దినచర్యను వినుడు. వేకువను అయిదున్నర గంటలకు బల్లయొద్ద కూర్చుండవలెను. కాఫీ తెచ్చి తన్ను లేపుటకై ముసలి సేవకునికి సాలుకు అయిదు పౌన్లు అదనముగా ఇచ్చుచుండెను. మొదటి అరగంట ముందునాటి వ్రాతను చదువుకొనుట. పిమ్మట గడియారము ఎదుట పెట్టుకొని కాలుగంటకు 250 మాటలు వ్రాయుట. మూడు గంటలలో నాటి రచన ముగించి, పగలంతయు తపాలా పనికి పోవును. వ్రాసిన పుటల లెక్క పట్టికలో ఎక్కించును. పని తప్పిన దినము అందు కనబడి సిగ్గుపరచును. రైలుబండిలో ఒడిలో పలక పెట్టుకొని పెన్సిలుతో వ్రాయగా, భార్య రోజ్ శుద్ధప్రతి తీసెడిది. 1858లో ఈజిప్టుకు పోవునప్పుడు ఓడ ఊగిసలాటకు వాంతులు వచ్చినను, లేచిపోయి మరల వచ్చి వ్రాసెను. 1871లో ఆస్ట్రేలియా ప్రయాణమున ఓడ గదిలో బల్ల వేయించుకొని, రేవు చేరులోపల ఒక నవల ముగించెను.

ఉద్యోగమునను ఆయన కొరత చేయలేదు. వీధిలో నిలువుపెట్టె యుంచి ఉత్తరములు గైకొను పద్ధతి బ్రిటిషు ద్వీపములలో 1852లో జెర్సీయందు మొదలైనది ఆయన సూచనవలననే. 1867లో ఉద్యోగము విడిచెను. 1882 డిసెంబరు 6వ తేదీని మరణించునప్పటికి 47 నవలలు రచించియుండెను.

మరుసటి యేడు ఆయన స్వీయచరిత్రము వెలువడెను. గడియారము, మాటల లెక్క, సంపాదించిన ధనము, అన్నియు అందు దాపరికము లేక చెప్పబడెను. అది చదివి, ఇతడు కవి కాడు, పనివాడని పలువురు ఏవగించుకొనిరి. కొంతకాలము కీర్తి సన్నగిల్లెను. అయినను బార్సెట్‌షైర్ నవలలు నేటికిని ఆదరముతో చదువబడుచున్నవి.

ఆయన నవలలన్నియు సమానములని మేము చెప్పము. గడియారమే కథలను కల్పించెననియు చెప్పము. బురదదారిలో బాలుడు మనస్సున పెంచిన కల్పనాశక్తికి, తల్లివలన నేర్చిన వేళ తప్పని పని తోడయ్యెను. మొదటిది లేనిచో వ్రాయుటకేమియు ఉండదు. రెండవది లేనిచో వ్రాసినదేమియు ఉండదు. మందబుద్ధులమని క్రుంగు విద్యార్థులారా, రేపటి వేకువను ఒక్క పుటతో ఆరంభింపుడు. బిడ్డ వెనుకబడెనని నిరాశచెందు తలిదండ్రులారా, కొంచెము ఓపికపట్టుడు.