తోడేలు స్వరం వెంట రామన్

సి.వి. రామన్ అనగానే మనకి కాంతి, 1930 నోబెల్ గుర్తొస్తాయి. కానీ అంతకు ముందు చాలా ఏళ్లు ఆయన ధ్యాసంతా శబ్దం మీదే. మన తుగ్గలి వైపు ఇంట్లోనే ప్లైవుడ్ కోసి స్పీకర్ బాక్సులు కట్టేవాళ్లకి ఆ రామనే ఎక్కువ పనికొస్తారు.

1888లో తిరుచిరాపల్లిలో పుట్టినా పెరిగింది విశాఖపట్నంలో. తండ్రి చంద్రశేఖర అయ్యర్ అక్కడి ఏవీఎన్ కాలేజీలో లెక్చరర్, ఇంట్లో వయొలిన్ వాయించేవారు. రామన్ పదకొండేళ్లకే మెట్రిక్ అయిపోయారు! 1907లో మద్రాసులో ఎం.ఏ., వెంటనే కలకత్తాలో ఆర్థిక శాఖ ఉద్యోగం. ఆఫీసుకి ముందూ తర్వాతా బౌబజార్ వీధిలోని సైన్స్ అసోసియేషన్ ల్యాబ్‌లోనే.

1916లో ఆయన చెలో, వయొలిన్‌లలో వచ్చే 'తోడేలు స్వరం' మీద పేపర్ రాశారు. కమానుతో ఎంత బాగా వాయించినా ఒక్క స్వరం దగ్గర వాయిద్యం గుర్రుమంటూ వణుకుతుంది. తీగ స్వరమూ, చెక్క డొల్ల సహజ స్వరమూ ఒకటైతే తీగ శక్తిని డొల్ల గుంజేసుకుంటుంది. తీగ తగ్గుతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ తగ్గుతుంది. బ్రిడ్జి మీద బరువు పెడితే ఆ తోడేలు కింది స్వరానికి జరుగుతుందని కూడా చూపించారు.

మన బాక్సులో ఒక్క పాటలో ఒక్క బేస్ నోటుకే చెక్క గుయ్యిమంటుంది చూడండి, దానికి ఇది దగ్గరి చుట్టమే. లోపల అడ్డ పట్టీ బిగిస్తే చెక్క గట్టిపడి ఆ స్వరం పైకి పోతుంది. లోపలి గాలిది వేరే గొడవ: ఎదురెదురు గోడల మధ్య 34 సెంటీమీటర్లుంటే 500 హెర్ట్జ్ దగ్గర అలలు నిలబడిపోతాయి. దానికి పట్టీ పనిచేయదు, మధ్యలో దూది కుక్కాల్సిందే.

1917లో, జీతం బాగా తగ్గుతుందని తెలిసీ సర్కారు కొలువు వదిలి కలకత్తా యూనివర్సిటీ ప్రొఫెసర్ అయ్యారు. ఇంట్లో ఎవరైనా ఒప్పుకుంటారా ఇప్పుడు? 1920లో మృదంగం గురించి రాశారు. మామూలు చర్మం మీద పై స్వరాలు పొంతన లేకుండా వస్తాయి. మధ్యలో నల్ల కరణి బరువే వాటిని వరసలో పెడుతుందని తేల్చారు. ఒకప్పుడు మన ఆదోనిని ఏలిన బీజాపూర్ సుల్తానుల గోల్ గుంబజ్‌లో గుసగుస గోడ వెంట ఎలా పాకుతుందో కూడా పరిశీలించారు.

1921లో ఓడ మీద వస్తూ సముద్రపు నీలం చూశాక మనసు కాంతి వైపు మళ్లింది. అయినా బెంగుళూరు వెళ్లాక 1934లో మళ్లీ మృదంగం, తబలాల మీద రాశారు. 1970 నవంబర్ 21న అక్కడే కన్నుమూశారు.