రేసు కారు శిల్పి - కోలిన్ చాప్‌మన్

రథం ఎంత గొప్పదైనా సారథికి కుదురైన చోటు లేకపోతే అది గమ్యం చేరదు. ఈ సత్యం నేటి రేసు కారుకు మరింతగా వర్తిస్తుంది. గంటకు 250 కిలోమీటర్ల వేగంతో మలుపు తిరిగే కారులో చోదకుని దేహం పక్కకు ఒరగకుండా పట్టి ఉంచేది సీటు. చక్రాల కింద నేల జారుతున్నదా, నిలుస్తున్నదా అనే సంగతిని అతడు ముందుగా గ్రహించేది వెన్ను ద్వారా, నడుము ద్వారా. ప్రమాదం జరిగినప్పుడు అతని ప్రాణం నిలవడానికి ఆధారం కూడా సీటూ, దానికి కట్టిన పట్టీలే. ఆ సీటులో మనిషి కూర్చునే తీరునే మార్చి, కారు నిర్మాణానికి కొత్త దారి చూపిన ఇంజనీరు కోలిన్ చాప్‌మన్. ఆయన సాధించిన విజయాలు అసాధారణమైనవి. వాటి కోసం చెల్లించిన మూల్యమూ సామాన్యమైనది కాదు.

ఆంథొనీ కోలిన్ బ్రూస్ చాప్‌మన్ 1928 మే 19వ తేదీన ఇంగ్లండులోని రిచ్‌మండ్‌లో జన్మించాడు. తండ్రి ఉత్తర లండన్‌లోని హార్న్సీ ప్రాంతంలో రైల్వే హోటల్ అనే పానశాలను నడిపేవాడు. కోలిన్ లండన్ యూనివర్సిటీ కాలేజీలో నిర్మాణ ఇంజనీరింగు చదివాడు. వంతెనలు, భవనాలు తమ మీద పడే భారాన్ని ఎలా మోస్తాయో తెలిపే శాస్త్రమది. ఏ కడ్డీ మీద ఎంత బరువు పడుతుంది, ఏ కడ్డీ లేకపోయినా కట్టడం నిలుస్తుంది అని లెక్కగట్టడం ఆయనకు అక్కడే అలవడింది. విద్యార్థి దశలోనే విశ్వవిద్యాలయ వైమానిక దళంలో చేరి విమానం నడపడం నేర్చుకున్నాడు. తక్కువ బరువుతో ఎక్కువ బలం సాధించే విమాన నిర్మాణ పద్ధతి ఆయన మనస్సులో గాఢంగా నాటుకున్నది.

చదువుకుంటున్న రోజులలోనే ఆయన పాత కార్ల క్రయవిక్రయాలు సాగించేవాడు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసినా బ్రిటన్‌లో పెట్రోలు కొరత తీరలేదు. 1947లో ప్రభుత్వం సాధారణ ప్రజలకు ఇచ్చే పెట్రోలు కోటాను నిలిపివేయడంతో పాత కార్లు కొనేవారే కరవయ్యారు. చాప్‌మన్ దగ్గర మిగిలిన కార్లలో పాత ఆస్టిన్ సెవెన్ ఒకటి. ఇంకొకరైతే దానిని పాత ఇనుము కింద అమ్మివేసేవారు. ఆయన మాత్రం దాని పైకప్పును, తలుపులను, బరువైన రేకులను తొలగించాడు. ప్లైవుడ్‌తో, అల్యూమినియంతో విమానపు తరహాలో కొత్త దేహాన్ని తయారు చేశాడు. ఈ పని అంతా తాను ప్రేమించిన హేజెల్ విలియమ్స్ ఇంటివారి షెడ్డులో జరిగింది. 1948లో సిద్ధమైన ఆ కారే తరువాతి కాలంలో మొదటి లోటస్‌గా ప్రసిద్ధి పొందింది.

లోటస్ అంటే తామరపువ్వు. ఆ పేరు ఎంచుకోవడానికి కారణం గురించి పలువురు పలు విధాలుగా చెబుతారు. బురదలో పుట్టి నిర్మలంగా వికసించే తామరతో ఈ కారును పోల్చుకోవడం మనకు సహజమే. ఆనాటి ఆయన కార్లు పాల్గొన్న పోటీలు కూడా బురద గుట్టలను ఎక్కే పోటీలే!

1952లో చాప్‌మన్ లోటస్ ఇంజనీరింగ్ అనే సంస్థను స్థాపించాడు. హేజెల్ అప్పుగా ఇచ్చిన 25 పౌండ్లే దాని తొలి మూలధనమని చెబుతారు. తండ్రి హోటల్ వెనుక ఉన్న పాత గుర్రపుశాలే కర్మాగారం. 1954లో హేజెల్ ఆయన జీవిత భాగస్వామి అయింది. ఆ సంస్థ కార్లను విడిభాగాలుగా అమ్మేది. కొన్నవారు వాటిని ఇంటి వద్ద బిగించుకొనేవారు. పూర్తిగా తయారైన కారుపై విధించే కొనుగోలు పన్ను ఈ విడిభాగాలకు ఉండేది కాదు. కాబట్టి మధ్యతరగతి యువకులకు కూడా రేసు కారు అందుబాటులోకి వచ్చింది. 1957లో వెలువడిన లోటస్ సెవెన్ ఇందుకు చక్కని ఉదాహరణ. సన్నని ఉక్కు గొట్టాల చట్రం, పలుచని అల్యూమినియం రేకులు, ఇద్దరు మాత్రమే కూర్చోగల ఇరుకైన చోటు, ఇంతే ఆ కారు. 1973లో కేటర్‌హామ్ అనే సంస్థ దాని తయారీ హక్కులను పొందింది.

చాప్‌మన్ స్వయంగా మంచి చోదకుడు కూడా. 1956లో ఫ్రాన్సులోని రీమ్స్‌లో వాన్‌వాల్ అనే కారును నడిపే అవకాశం ఆయనకు లభించింది. కాని సాధన సమయంలో తన జట్టువాడైన మైక్ హాథార్న్ కారును ఢీకొనడం వల్ల ఆయన పోటీలో పాల్గొనలేకపోయాడు. అటుపిమ్మట ఆయన తన శక్తియుక్తులన్నిటినీ కార్ల రూపకల్పనకే వినియోగించాడు. చోదకుని స్థానంలో కూర్చున్న అనుభవం ఆ పనిలో ఆయనకు ఎంతో తోడ్పడింది.

ఆ రోజులలో రేసు కారు చోదకుడు కుర్చీలో కూర్చున్నట్లు నిటారుగా కూర్చునేవాడు. అతని తల, భుజాలు గాలికి అడ్డుగా నిలిచేవి. ఇంజను శక్తిలో కొంత భాగం ఆ గాలిని చీల్చడానికే ఖర్చయ్యేది. ఇంజనును కారు వెనుక భాగానికి మార్చిన తరువాత, చోదకుని కొంత వాల్చి కూర్చోబెట్టడానికి వీలు కలిగింది. చాప్‌మన్ ఈ అవకాశాన్ని చివరి అంచు దాకా తీసుకొనిపోయాడు. 1962లో హాలండులోని జాండ్‌వూర్ట్‌లో ఆయన ప్రవేశపెట్టిన లోటస్ 25 కారులో చోదకుడు దాదాపు పడక కుర్చీలో పడుకున్నట్లు వెనుకకు వాలి, కాళ్లు ముందుకు చాచి ఉండేవాడు. 

ఆ కారులో వేరుగా చట్రమంటూ లేదు. అల్యూమినియం రేకులను రివెట్లతో కలిపి రెండు పక్కలా పొడవైన పెట్టెల వంటి నిర్మాణాలు చేశారు. వాటిలోనే రబ్బరు సంచులలో పెట్రోలు నింపేవారు. ఆ రెండింటి నడుమ చోదకుడు ఇమిడిపోయేవాడు. ఈ విధమైన ఏకఖండ నిర్మాణం గొట్టాల చట్రం కన్నా తేలికైనది, మెలితిరగకుండా నిలవగలిగినంత దృఢమైనది. కారు వెడల్పు, ఎత్తు రెండూ తగ్గాయి. మనిషి కొలతను బట్టి దర్జీ చొక్కా కుట్టినట్లు, చోదకుని దేహాన్ని బట్టి కారును తీర్చిదిద్దే సంప్రదాయం దీనితో బలపడింది.

ఆ సీటులో ఒదిగిన మహా చోదకుడు జిమ్ క్లార్క్. స్కాట్లండులో గొర్రెలు పెంచే రైతు కుటుంబానికి చెందినవాడు. మితభాషి. చాప్‌మన్ మేధస్సు, క్లార్క్ నైపుణ్యం జతకూడిన ఫలితంగా 1963లోను, 1965లోను ప్రపంచ విజేత స్థానం లోటస్‌కు లభించింది. 1965లోనే అమెరికాలోని ఇండియానాపొలిస్ 500 మైళ్ల పోటీలోనూ క్లార్క్ విజయం సాధించాడు. ఆయన గెలిచిన 25 ఫార్ములా వన్ పోటీలూ లోటస్ కార్లతో గెలిచినవే. ఇద్దరూ అన్నదమ్ములవలె మెలిగేవారు. 1968 ఏప్రిల్ 7న జర్మనీలోని హాకెన్‌హైమ్‌లో క్లార్క్ కారు అదుపు తప్పి చెట్లను ఢీకొన్నది. ఆ ప్రమాదంలో ఆయన మరణించాడు. చాప్‌మన్ దుఃఖానికి అంతులేదు.

అయినా ఆయన పని ఆగలేదు. ఆ సంవత్సరమే గ్రాహమ్ హిల్ లోటస్‌కు ప్రపంచ విజయం తెచ్చాడు. అయితే లోటస్ కార్లపై ఒక విమర్శ క్రమంగా బలపడసాగింది. బరువు తగ్గించాలనే పట్టుదలతో చాప్‌మన్ భాగాలను మరీ సన్నగా చేయిస్తున్నాడనీ, అవి విరిగితే నష్టపోయేది చోదకుడేననీ పలువురు భావించారు. 1969లో స్పెయిన్‌లో జరిగిన పోటీలో లోటస్ జట్టులోని రెండు కార్ల వెనుక రెక్కలూ విరిగిపోయాయి. గాయపడిన యోహెన్ రింట్ ఆ తరువాత చాప్‌మన్‌కు ఒక ఉత్తరం వ్రాశాడు. బలహీనమైన భాగాలకు మరికొన్ని పౌండ్ల బరువు చేర్చి గట్టిపరచవలసిందనీ, తాను నమ్మగలిగిన కారును మాత్రమే నడపగలననీ అందులో విన్నవించాడు.

1970లో చాప్‌మన్ బృందం లోటస్ 72ను నిర్మించింది. ముందరి బ్రేకులను చక్రాల వద్ద గాక కారు లోపలి వైపున అమర్చి, ఇరుసుల ద్వారా చక్రాలకు కలిపారు. చక్రాల బరువు తగ్గించడమే దీని ఉద్దేశం. రింట్ ఆ కారుతో వరుసగా నాలుగు పోటీలు గెలిచాడు. సెప్టెంబరు 5న ఇటలీలోని మోంజాలో సాధన చేస్తుండగా, మలుపు ముందు బ్రేకు వేసినప్పుడు కారు పక్కకు లాగి, దారి పక్కనున్న ఇనుప కంచెను ఢీకొన్నది. కుడివైపు ముందరి బ్రేకు ఇరుసు విరిగి ఉన్నట్లు తరువాత కనుగొన్నారు.

ఇక్కడ సీటు ప్రసక్తి మరల వస్తుంది. ఆ కారులో భుజాలకు, నడుముకు, తొడల మధ్యకు బిగించే పట్టీలు ఉన్నాయి. మంటలు రేగితే త్వరగా బయటపడాలనే ఆలోచనతో రింట్ తొడల మధ్య పట్టీని బిగించుకొనేవాడు కాదు. వెనుకకు వాలిన సీటులో ఆ పట్టీయే దేహం ముందుకు జారకుండా ఆపుతుంది. అది లేనందువల్ల ఢీకొన్నప్పుడు ఆయన దేహం కిందికి జారింది. రక్షించవలసిన మిగిలిన పట్టీలే గొంతుకు ప్రాణాంతకమైనాయి. ఆ ఏడాది మిగిలిన పోటీలలో ఆయన మార్కులను మరెవ్వరూ దాటలేదు. మరణానంతరం ఫార్ములా వన్ ప్రపంచ విజేతగా నిలిచినవాడు రింట్ ఒక్కడే. ఇటలీలో సాగిన న్యాయ విచారణ ముగిసేసరికి చాప్‌మన్ నిర్దోషిగా బయటపడ్డాడు. అయినా రింట్ వ్రాసిన ఉత్తరం చరిత్రలో నిలిచిపోయింది. 1972లో ఫార్ములా వన్ పోటీలలో ఆరు చోట్ల బిగించే పట్టీలు తప్పనిసరి అయ్యాయి.

1972లో ఎమర్సన్ ఫిట్టిపాల్డి, 1978లో మారియో ఆండ్రెట్టి లోటస్ కార్లతో ప్రపంచ విజేతలైనారు. కారు కింది గాలినే దానిని నేలకు అదిమిపట్టే శక్తిగా మలచడం చాప్‌మన్ బృందం చివరి మహావిజయం. ఆ ఆనందంలోనూ విషాదం కలిసింది. 1978లో మోంజాలోనే గాయపడిన రోనీ పీటర్సన్ మరునాడు కన్నుమూశాడు. మొత్తం మీద చాప్‌మన్ జీవించి ఉండగా లోటస్ జట్టు ఏడుసార్లు నిర్మాతల ప్రపంచ పురస్కారాన్ని గెలుచుకున్నది.

1982 డిసెంబరు 16న, 54 ఏళ్ల వయస్సులో, గుండెపోటుతో చాప్‌మన్ మరణించాడు. డెలోరియన్ అనే కార్ల సంస్థకు బ్రిటిష్ ప్రభుత్వం సమకూర్చిన ధనంలో కొంత దారి మళ్లిన వ్యవహారంలో ఆయన పేరు కూడా వినిపించింది. ఆయన న్యాయస్థానం ఎదుట నిలవకముందే జీవితం ముగిసింది. మహాప్రతిభావంతుని చరిత్రలో ఈ మచ్చను కూడా చెప్పుకొనక తప్పదు.

ఆయన నిర్మించిన కార్లను నేటికీ ఎందరో ప్రాణప్రదంగా చూసుకుంటున్నారు. 1962లో వెలువడిన లోటస్ ఎలాన్ బరువు సుమారు 700 కిలోలు మాత్రమే. దానికి వెన్నెముక వంటి ఉక్కు చట్రం మధ్యలో ఉంటుంది. దేహమంతా ఫైబర్‌గ్లాసే. ఇటువంటి పాత కారును పోటీలకు సిద్ధం చేసేవారు మొదట దాని సీటు గురించి ఆలోచిస్తారు. రేసు సీటు పక్కలు ఎత్తుగా ఉండి భుజాలను, నడుమును పట్టి ఉంచుతాయి. కాని పలుచని ఫైబర్‌గ్లాసు నేలకు రంధ్రాలు చేసి బోల్టులు బిగించినంత మాత్రాన చాలదు. ప్రమాద సమయంలో చోదకుని భారం ఎన్నో రెట్లు పెరిగినట్లు పనిచేసి, బోల్టులు నేలను చీల్చుకొని ఊడిరావచ్చు. అందుచేత నేల అడుగున ఉక్కు పలకలు వేసి, ఆ భారాన్ని విశాలంగా పరచాలి. భుజాల పట్టీలు వెన్నెముకను కిందికి నొక్కకుండా దాదాపు సమతలంగా వెనుకకు పోవాలి. తొడల మధ్య పట్టీ కోసం సీటులో రంధ్రం ఉండాలి. తల పైకప్పుకు తగలకూడదు. కాళ్లు పెడళ్లకు సుఖంగా అందాలి. ఈ పనులకు కొన్ని కిలోల బరువు పెరుగుతుంది. తెలిసిన పనివారు ఆ కొన్ని కిలోలకు వెనుకాడరు. 

అనవసరమైన ప్రతి బరువునూ తొలగించడం చాప్‌మన్ ప్రపంచానికి నేర్పిన విద్య. ఏది అనవసరమో తేల్చేటప్పుడు ఆ సీటులో కూర్చున్న మనిషిని మరువరాదన్నది ఆయన జీవితం మిగిల్చిన పాఠం. లోటస్ చిహ్నంలో నేటికీ ఆయన పేరులోని నాలుగు పొడి అక్షరాలు అల్లుకొని కనిపిస్తాయి. రాబోయే ఇంజనీర్లు ఆ అక్షరాలను చూసినప్పుడు ఆయన మేధస్సుకు నమస్కరించాలి. రింట్ కోరిన కొన్ని పౌండ్ల బరువును కూడా గుర్తుంచుకోవాలి.